యాసిడ్‌ను మొత్తానికే ఆపేసే మందు ఉందా మేడం?

ప్రశ్న: నమస్తే మేడం. నాకు 36 ఏళ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేస్తున్నా. మిర్చి సీజన్‌లో తెల్లారకముందే యార్డులో ఉండాలి, మధ్యాహ్నం దాకా చాయ్‌ల మీదనే నడుస్తది. రాత్రి పదిన్నరకు ఇంటికొచ్చి తిని వెంటనే పడుకుంటా. మూడేళ్ల నుంచి ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. మెడికల్ షాపులో అడిగితే పాన్ 40 అనే గ్యాస్ గోలీ ఇచ్చారు, అప్పటినుంచి రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒకటి వేసుకుంటున్నా. నడుము నొప్పికి మా ఆర్‌ఎంపీ చెప్పిన నొప్పి గోలీ కూడా వారానికి మూడు నాలుగుసార్లు పడుతది. పోయిన నెల గ్యాస్ గోలీ ఇక చాలనుకుని మానేస్తే వారంలో మంట ముందుకంటే డబుల్ అయింది, మళ్లీ మొదలుపెట్టిన. నా కడుపులో ఇంత యాసిడ్ ఎందుకు తయారవుతోంది? మొత్తానికే ఆపేసే మందు ఉందా? మా అమ్మ కారమే కారణమంటూ తొక్కులన్నీ బంద్ పెట్టింది, రాత్రిపూట చల్లటి పాలు తాగిస్తోంది.

సమాధానం: తమ్ముడూ, సూటిగా చెప్పేస్తా. యాసిడ్‌ను మొత్తానికే ఆపే మందు నీకు అవసరం లేదు. నీ కడుపు అవసరానికి మించి యాసిడ్ తయారు చేస్తోందని కూడా నాకు అనిపించట్లేదు. ఛాతీలో మంటతో బాధపడేవాళ్లలో ఎక్కువమందికి కడుపులో యాసిడ్ మామూలుగానే తయారవుతుంది, అది ఉండాల్సిన చోటు దాటి పైకి రావడం వల్ల మండుతుంది. నీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి చదివింది మాత్రం నడుము నొప్పి గోలీ గురించి నువ్వు ఒక్క లైనులో చెప్పి వదిలేసిన చోటు. దాని దగ్గరికి వస్తా. అంతకుముందు యాసిడ్ ఎట్లా తయారవుతుందో కాస్త ఓపిగ్గా చదువు. అది తెలిస్తే నువ్వు వేసుకున్న గోలీ ఎందుకు సరిగ్గా పనిచేయలేదో, మానేసినప్పుడు మంట ఎందుకు డబుల్ అయిందో నీకే తెలిసిపోతుంది.

కడుపు లోపలి గోడను మైక్రోస్కోప్ కింద చూస్తే సన్నటి గుంతలు లెక్కలేనన్ని కనిపిస్తాయి, వాటి అడుగున గ్రంథులుంటాయి, ఆ గ్రంథుల్లో పెరైటల్ కణాలనేవి ఉంటాయి. యాసిడ్ చేసేది ఇవే. ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, అంటే బాత్‌రూం కడిగే సీసాల మీద ఉండే పేరే. మన కడుపులో ఉండేది ఇదేనని ఇంగ్లండ్‌లో విలియం ప్రౌట్ అనే డాక్టర్ 1820లలోనే తేల్చాడు. పెరైటల్ కణం కార్బన్ డయాక్సైడ్‌ను, నీళ్లను కలిపి, అందులోంచి హైడ్రోజన్‌ను ఒక పక్కకు, బైకార్బనేట్‌ను ఒక పక్కకు విడదీస్తుంది. బైకార్బనేట్‌ను వెనక నుంచి రక్తంలోకి వదిలి, దానికి బదులు రక్తంలోంచి క్లోరైడ్ తీసుకుంటుంది. హైడ్రోజన్‌ను మాత్రం ముందు వైపు నుంచి కడుపులోకి తోస్తుంది, క్లోరైడ్ కూడా అటే వెళ్లి దాంతో కలుస్తుంది. ఇట్లా హైడ్రోజన్‌ను తోసేదాన్నే ప్రోటాన్ పంపు అంటారు. నీ పాన్ 40 పట్టుకునేది ఈ పంపునే.

ఆ తోయడం ఎంత కష్టమైన పనో చెప్తా. రక్తంలో ఉన్న హైడ్రోజన్ గాఢతకు పది లక్షల రెట్లకు పైగా ఉండే చోటికి దాన్ని నెట్టాలి. నిండు బస్సులోకి ఇంకొకర్ని ఎక్కించాలంటేనే ఎంత బలం కావాలో నీకు తెలుసు. అందుకే ఈ కణంలో దాదాపు మూడో వంతు జాగా శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాలతోనే నిండి ఉంటుంది. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా జీర్ణరసం మన కడుపులో ఊరుతుంది. ఒళ్లు ఇంత ఖర్చు ఊరికే పెట్టుకోదు. తిన్న మాంసం, పప్పు ముక్కలు కావాలంటే పెప్సిన్ అనే ఎంజైమ్ కావాలి, అది యాసిడ్ తగిలితేనే నిద్ర లేస్తుంది. నీళ్లతో, బయటి తిండితో లోపలికి వచ్చే క్రిముల్లో చాలా మటుకు ఇక్కడే చస్తాయి. తిండిలోని బి12 విడిపోవాలన్నా, ఇనుము ఒంటికి పట్టాలన్నా యాసిడ్ సాయం కావాలి. అందుకే మొత్తానికే ఆపేయమంటే నాకు మనసు ఒప్పుకోదు.

ఇక ఆ పంపులు ఎప్పుడూ నడుస్తూ ఉండవు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వాటిలో ఎక్కువ భాగం కణం లోపలే చిన్న చిన్న సంచుల్లో ముడుచుకుని ఉంటాయి. తిండి వస్తోందని కబురు అందగానే పైకి వచ్చి కణం అంచున చేరి పని మొదలుపెడతాయి. ఆటో స్టార్టర్లు పెట్టిన రోజుల్లో కరెంటు రాగానే ఊరి బోరు మోటార్లన్నీ ఒక్కసారే అందుకునేవి చూడు, అట్లా.

ఆ కబురు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది మెదడు నుంచి వేగస్ అనే నరం మీదుగా. తాళింపు వాసన ముక్కుకు తగలగానే, ఇంకా ముద్ద నోట్లో పెట్టకముందే కడుపులో ఊట మొదలవుతుంది. ఒక పూట తిండికి ఊరే యాసిడ్‌లో దాదాపు మూడో వంతు ఇట్లా వాసనకు, రుచికి, తలుచుకోవడానికి ఊరేదే. రష్యాలో పావ్లోవ్ కుక్కల మీద దీన్ని చూపించాడు, మింగిన తిండి కడుపులోకి చేరకుండా మెడ దగ్గరే బయటికి వచ్చేట్టు చేసినా రసం ఊరింది. జీర్ణక్రియ మీద చేసిన ఈ పనికే ఆయనకు 1904లో నోబెల్ ఇచ్చారు. రెండోది గ్యాస్ట్రిన్ అనే హార్మోన్. అన్నం కడుపులో దిగి గోడ సాగినప్పుడు, మాంసకృత్తుల ముక్కలు తగిలినప్పుడు కడుపు కింది భాగంలోని జి కణాలు దాన్ని రక్తంలోకి వదులుతాయి. మూడోది హిస్టమిన్, పెరైటల్ కణాల పక్కనే ఉండే ఇంకో రకం కణాల నుంచి వస్తుంది. గ్యాస్ట్రిన్ తన పనిని ఎక్కువగా ఈ హిస్టమిన్ చేతనే చేయిస్తుంది. రానిటిడిన్, ఫామోటిడిన్ గోలీలు అడ్డుకునేది హిస్టమిన్ దారిని. ఆ దారి మూస్తే యాసిడ్ తగ్గుతుందని చూపించి మొదటి మందు సిమెటిడిన్ తయారవడానికి కారణమైన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది.

బ్రేకు కూడా లోపలే ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియదు, నీకు మాత్రం బాగా గుర్తుండాలి. ఇంటి మీద ట్యాంకు నిండగానే బాల్ పైకి లేచి నీళ్లు ఆగిపోతాయి కదా. కడుపులో పీహెచ్ 3 కంటే కిందికి పడిపోతే, అంటే పులుపు బాగా ఎక్కితే, డి కణాలు సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ వదిలి గ్యాస్ట్రిన్‌ను తగ్గించేస్తాయి, యాసిడ్ తగ్గుతుంది. కడుపు దాటి పేగులోకి పులుపు దిగితే అక్కడి నుంచి సెక్రెటిన్ అనే ఇంకో హార్మోన్ వచ్చి ఇంకో బ్రేకు వేస్తుంది, పాంక్రియాస్ నుంచి బైకార్బనేట్ తెప్పించి ఆ పులుపును విరిచేస్తుంది. ఎవరూ చూడకుండా, ఎవరూ చెప్పకుండా రోజూ ఇంత లెక్కగా జరిగే పని ఇది.

ఇప్పుడు నీ పాన్ 40 దగ్గరికి వద్దాం. ఈ మందు నడుస్తున్న పంపులనే గట్టిగా పట్టుకోగలదు, లోపల ముడుచుకుని పడుకున్న వాటిని పట్టుకోలేదు. పైగా మింగిన కొన్ని గంటల్లోనే రక్తంలోంచి వెళ్లిపోతుంది. కాబట్టి మందు రక్తంలో బాగా ఉన్న సమయానికే పంపులు పైకి వచ్చి నడుస్తూ ఉండాలి, అంటే తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. నువ్వు మూడేళ్లుగా తిన్నాక వేసుకుని పడుకుంటున్నావు. గోలీ కవర్‌లో వేసి ఇస్తూ ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే మూడేళ్లు ఇట్లా గడిచేది కాదు. ఈ గోలీ మొదటి రోజే పూర్తిగా పనిచేయదు, మూడు నాలుగు రోజులు వరుసగా వేసుకుంటే గానీ దాని బలం తెలియదు. మంట వచ్చినప్పుడు ఒకటి వేసుకుని గంటలో తగ్గలేదని ఇంకొకటి వేసుకునేవాళ్లు కూడా ఇది గమనించాలి.

మరి మానేస్తే డబుల్ ఎందుకైంది? ఇందాక చెప్పిన బాల్ గుర్తు తెచ్చుకో. నెలల తరబడి గోలీ పంపులను పట్టుకుని ఉంచితే కడుపులో పులుపు తక్కువగా ఉంటుంది. లోపలి కాపలా కణాలకు అది కొరతలాగే తెలుస్తుంది, బ్రేకు వదిలేస్తాయి, గ్యాస్ట్రిన్ పెరుగుతుంది, దాని ప్రభావంతో హిస్టమిన్ వదిలే కణాలు కూడా పెరుగుతాయి. అప్పుడు నువ్వు గోలీ టక్కున ఆపితే పేరుకున్న ఆ ఉత్సాహమంతా ఒక్కసారి యాసిడ్‌గా బయటపడుతుంది. డెన్మార్క్‌లో అసలు ఏ బాధా లేని 120 మందితో చేసిన ఒక పరిశోధన 2009లో వచ్చింది. సగం మందికి 8 వారాలు ఇదే కోవకు చెందిన గోలీ, మిగతావాళ్లకు ఉత్తుత్తి గోలీ ఇచ్చారు. ఆపాక మందు వాడినవాళ్లలో 44 శాతం మందికి మంట, పుల్లటి తేన్పుల్లాంటి ఇబ్బందులు వచ్చాయి, ఉత్తుత్తి గోలీ వాడినవాళ్లలో 15 శాతం మందికి. ఏ రోగమూ లేనివాళ్లకే అట్లా అయితే మూడేళ్లు వాడిన నీకు అయిందంటే అందులో వింత లేదు. నీ జబ్బు ముదిరిందని దానికి అర్థం కాదు, ఆ భయం పెట్టుకోకు. కొన్ని వారాల్లో, ఒక్కోసారి రెండు మూడు నెలల్లో అది సర్దుకుంటుంది. డాక్టర్‌తో మాట్లాడి 40 నుంచి 20కి, తర్వాత రోజు విడిచి రోజుకు, ఇట్లా మెల్లగా దిగితే ఆ దెబ్బ తక్కువగా తగులుతుంది.

కానీ ఇప్పుడే దిగొద్దు, నడుము నొప్పి గోలీ సంగతి తేలేదాకా ఆగు.

ఇంత ఘాటు యాసిడ్ ఉన్నా కడుపు తనను తాను ఎందుకు కాల్చుకోదో ఎప్పుడైనా ఆలోచించావా? లోపలి గోడ మీద బంక లాంటి జిగురు పొర ఉంటుంది, ఆ పొర కింద బైకార్బనేట్ ఊరుతూ ఉంటుంది. ఒక పక్కన అంత ఘాటు పులుపు, మిల్లీమీటరు కూడా మందం లేని ఆ పొర దాటితే గోడ మీద దాదాపు మామూలు నీళ్లంత నిమ్మళం. పైవరుస కణాలు కొన్ని రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తూనే ఉంటాయి. ఈ జిగురు, ఈ బైకార్బనేట్, గోడకు రక్తం సరిగ్గా అందడం, అన్నీ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల మీద ఆధారపడి ఉంటాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి గోలీలు నొప్పిని తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా ఆపే. నడుములో ఆపినట్టే కడుపులో కూడా ఆపుతాయి. అంటే నీ కడుపు గోడ మీద కప్పిన దుప్పటిని నువ్వే వారానికి నాలుగుసార్లు లాగేస్తున్నావు, ఆ తర్వాత యాసిడ్ ఎక్కువైందని బాధపడుతున్నావు.

ఇక్కడ ఇంకో మాట గట్టిగా చెప్పాలి. గోలీ కడుపుకు పడదని సూది వేయించుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. సూది వేసినా మందు రక్తంలో కలిసి అదే పని చేస్తుంది, కడుపులో ప్రోస్టాగ్లాండిన్లు తగ్గడం ఆగదు. ఈ నొప్పి మందులతో వచ్చే పుండు చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు, ఒకరోజు ఉన్నట్టుండి రక్తం పోవడంతోనే బయటపడుతుంది. మల విసర్జన తారులాగా నల్లగా, జిగటగా, మామూలుగా లేని కంపుతో ఉంటే అది కడుపులో కారి యాసిడ్ తగిలి నల్లబడిన రక్తం కావొచ్చు. ఇనుము గోలీలు వాడినా నల్లగా అవుతుంది కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. ఇట్లా కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి.

నొప్పి గోలీలు పడుతున్నంతకాలం పాన్ గోలీ నీకు ఒక కాపలా కూడా. కాబట్టి ముందు దిగాల్సింది నొప్పి గోలీ. నడుముకు ఎముకల డాక్టర్‌నో, ఫిజియోథెరపీ వాళ్లనో ఒక్కసారి కలువు. రోజంతా అడ్తిలో గద్దె మీద వంగి చిట్టా రాసేవాళ్లకు కండరాల వ్యాయామంతోనే చాలా తగ్గుతుంది. తప్పనిసరి నొప్పికి పారాసిటమాల్ కడుపుకు ఇంత చేటు చేయదు, మోతాదు డాక్టర్ చెప్పినట్టే. నడుముకు బెల్టు బిగించుకుంటున్నావేమో, నువ్వు రాయలేదు, బిగిస్తే మాత్రం తిన్నాక తీసెయ్, పొట్ట మీద ఒత్తిడి పడితే లోపలున్నది పైకే తన్నుతుంది.

పైకి తన్నడం అన్నా కాబట్టి నీ ఛాతీ మంట సంగతి. గొంతు నుంచి వచ్చే అన్నవాహిక కడుపులో కలిసే చోట బిగుసుకునే ఒక కండరం ఉంటుంది, ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. అది వదులైతే యాసిడ్ పైకి వస్తుంది. అన్నవాహికకు కడుపుకున్నంత జిగురు రక్షణ లేదు కాబట్టి మండుతుంది. కడుపు నిండా తిని వెంటనే అడ్డంగా పడుకోవడం, నూనె బాగా ఉన్న తిండి, సిగరెట్, జర్దా, మందు, పొట్ట పెరగడం దీన్ని వదులు చేస్తాయి, లేదా దాని మీద బరువు పెంచుతాయి. పైగా పడుకున్నప్పుడు ఉమ్మి ఊరడం తగ్గిపోతుంది, మెలకువగా ఉంటే ఆ ఉమ్మినే మింగుతూ పైకి వచ్చిన పులుపును కడిగేసుకుంటాం. నువ్వు పదిన్నరకు తిని పదకొండుకు పడుకుంటే ఇవన్నీ ఒక్కచోట కలుస్తాయి. సీజన్‌లో ఇంటికి త్వరగా వచ్చే వీలు లేదని నాకు తెలుసు, అందుకే టైం మార్చుకో అని ఊరికే చెప్పి వదలను. పొద్దున రెండు జొన్న రొట్టెలు తినో, అంబలి తాగో బయలుదేరు, రెండో డబ్బా కట్టించుకుని సాయంత్రం ఏడింటికల్లా యార్డులోనే అన్నం తినెయ్. రాత్రి ఇంటికొచ్చాక ఆకలైతే ఏదైనా కొంచెం, అంతే. మంచం తలాపు వైపు కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించు, అరడుగు లేస్తే చాలు. రెండు దిండ్లు పెట్టుకుంటే మాత్రం లాభం లేదు, మెడ లేచి పొట్ట ముడుచుకుపోతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే కడుపు సంచి కిందికి, అన్నవాహిక మూతి పైకి వస్తాయి, చాలామందికి ఆ రాత్రే తేడా తెలుస్తుంది.

అమ్మ కారం గురించి అన్న మాటకు వద్దాం, ఎనుమాములలో పనిచేసే నీకు దీన్ని చూపించడం చాలా సులువు. రోజంతా మిర్చి బస్తాలు విప్పి కలబెట్టే హమాలీ అన్నల చేతులు సాయంత్రానికి ఎట్లా మండుతాయో నువ్వు దగ్గర నుంచి చూసినవాడివే. సబ్బుతో కడిగినా పోదు, పొరపాటున కన్ను నలుపుకుంటే ఇక చెప్పక్కర్లేదు. అరచేతిలో యాసిడ్ లేదు, మరి ఎందుకు మండింది? మిర్చిలోని క్యాప్సైసిన్, వేడిని పసిగట్టే నరాల తలుపును తెరుస్తుంది, నిప్పు తగలకపోయినా నిప్పు తగిలిందనే కబురు మెదడుకు పోతుంది. ఆ తలుపును కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్‌లో భాగం దక్కింది. కడుపులో, అన్నవాహికలో కూడా అవే తలుపులున్నాయి. లోపలి పొర బాగుంటే కారం తిన్నా పెద్దగా తెలియదు, పొర ఎర్రబారి ఉంటే అదే కారం భగ్గుమంటుంది. అంటే అమ్మ చూసింది నిజమే, కారం తిన్న రోజు నీకు ఎక్కువ మండుతుంది. కానీ కారం యాసిడ్‌ను పెంచి పుండు చేస్తుందన్నది మాత్రం నిలబడే మాట కాదు.

పుండ్లకు కారం, టెన్షన్ కారణమని డాక్టర్లం కూడా చాలాకాలం నమ్మినవాళ్లమే. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ కలిసి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా సంగతి చెప్తే ఎవరూ వినలేదు. మార్షల్ 1984లో ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. ఇద్దరికీ 2005లో నోబెల్ ఇచ్చారు. అంత యాసిడ్‌లో అది ఎట్లా బతుకుతుందంటే, యూరియా నుంచి అమోనియా తయారు చేసుకుని తన చుట్టూ పులుపును విరిచేసుకుంటుంది. మన దేశంలో చాలామందికి చిన్నప్పుడే ఇది కడుపులో చేరుతుంది, అందరికీ జబ్బు చేయదు. నీలాగా మూడేళ్ల బాధ, మధ్యలో నొప్పి గోలీలు ఉన్నవాళ్లు మాత్రం పరీక్ష చేయించుకోవాలి. ఊపిరి పరీక్ష ఉంది, మల పరీక్ష ఉంది, ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి కూడా చూస్తారు. పాన్ గోలీ వాడుతుంటే బాక్టీరియా ఉన్నా లేనట్టు రిపోర్టు రావొచ్చు, అందుకే పరీక్షకు రెండు వారాల ముందు దాన్ని ఆపమంటారు. ఎప్పుడు ఆపాలో, ఆ రెండు వారాలు మంటకు ఏం వాడాలో డాక్టర్‌నే అడుగు, నీ అంతట నువ్వు ఆపకు. బాక్టీరియా ఉందని తేలితే సాధారణంగా రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు, మధ్యలో వదలకుండా వాడాలి.

టెన్షన్‌ను పూర్తిగా కొట్టిపారేయను. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి తుపాకీ గుండు తగిలి కడుపుకు పడ్డ రంధ్రం మూసుకోనేలేదు. విలియం బోమాంట్ అనే డాక్టర్ ఆ రంధ్రంలోంచి దారానికి కట్టిన మాంసం ముక్కలు దించి ఎంతసేపటికి కరుగుతాయో ఏళ్ల తరబడి రాసుకున్నాడు. అతను కోపంగా ఉన్న రోజు కడుపు లోపలి తీరే మారిపోవడం కళ్లారా చూశాడు. మార్కెట్లో ధర తేల్చే జెండా పాట రోజుల్లో నీకు మంట ఎక్కువైతే అది నీ భ్రమేం కాదు, టెన్షన్‌లో ఉన్న మనిషికి అదే యాసిడ్ ఎక్కువ మండినట్టు తెలుస్తుంది.

పాల సంగతి. చల్లటి పాలు దిగేటప్పుడు హాయిగా ఉంటాయి, కాసేపు పులుపును కూడా విరుస్తాయి. తర్వాత పాలలోని మాంసకృత్తులు, కాల్షియం గ్యాస్ట్రిన్‌ను లేపి యాసిడ్ పెంచుతాయి, అదీ పడుకోబోయే ముందు. అమ్మను నొప్పించకుండా ఆ గ్లాసును సాయంత్రానికి మార్పించు. చాయ్ కూడా అంతే, తెల్లారుజామున ఖాళీ కడుపు మీద వరుసగా నాలుగు పడితే యాసిడ్ ఊరుతుంది, పట్టుకోవడానికి అక్కడ తిండి ఉండదు. మానేయమని అనను, ఏదైనా తిన్నాక తాగు.

ఈనో గురించి నువ్వు రాయలేదు కానీ నేను రాస్తా. అందులో ఉన్నది సోడా ఉప్పు, నిమ్మ ఉప్పు లాంటివి, నీళ్లలో పొంగి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, తేన్పు వస్తుంది, తేలికైనట్టు అనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారికి ఇబ్బంది లేదు, బీపీ ఉన్నవాళ్లకు ఆ సోడియం మంచిది కాదు. నా భయం వేరే. నర్సంపేట దగ్గర మా ఊళ్లో ఉండే మా చిన్నాయనకు ఒక సంక్రాంతి మరుసటి రోజు పొద్దున ఛాతీ మధ్యలో బరువుగా, మంటగా ఉందన్నాడు. ముందు రోజు సకినాలు, మాంసం తిన్నందుకు గ్యాస్ పట్టిందని ఇంట్లో అందరం అనుకున్నాం, నేను అప్పటికి మెడిసిన్ మూడో ఏడు చదువుతున్నా, నేనూ అనుకున్నా. దగ్గర్లోని ఆర్‌ఎంపీ సోడా తాగించి గ్యాస్ సూది వేసి పంపించాడు. చొక్కా వీపంతా చెమటతో తడిసి అంటుకుపోయి ఉండటం నేను చూశాను, ఎండలో నడిచొచ్చాడు కదా అనుకున్నా, జనవరి పొద్దున్న ఎండేముంటుంది. మధ్యాహ్నం వరంగల్ తీసుకొచ్చేసరికి గుండెపోటు వచ్చి ఆరు గంటలు దాటిపోయింది. బతికాడు, కానీ ఆ తర్వాత పొలం గట్టు మీద పది అడుగులు నడిస్తే ఆయాసపడేవాడు. గుండె నొప్పి, యాసిడ్ మంట ఒకే చోట తెలుస్తాయి, మనిషికే కాదు, డాక్టర్‌కు కూడా చేతితో పట్టుకుని తేడా చెప్పడం సాధ్యం కాదు, ఈసీజీ తీయాల్సిందే. చెమట, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, నడిస్తే పెరిగి నిలబడితే తగ్గే బరువు, వీటిలో ఏదున్నా గ్లాసులో సోడా కలపకు, 108కి ఫోన్ చెయ్. షుగర్ ఉన్నవాళ్లు, 40 దాటినవాళ్లు, పొగ తాగేవాళ్లు ఇంకా తొందరపడాలి.

మింగుడు పడకపోవడం, కారణం లేకుండానే బరువు తగ్గడం, రక్తపు వాంతి, హిమోగ్లోబిన్ పడిపోవడం ఉంటే ఎండోస్కోపీ వెంటనే చేయించుకోవాలి. నీకు ఇవేవీ ఉన్నట్టు రాయలేదు. అయినా మూడేళ్లు ఒక్క డాక్టర్‌కు కూడా చూపించుకోకుండా గోలీ మింగావు కాబట్టి ఈ నెలలోనే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో, నీకు నమ్మకమున్న గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికో పో. బి12, హిమోగ్లోబిన్, మెగ్నీషియం కూడా చూడమని అడుగు, ఏళ్ల తరబడి ఈ గోలీ వాడితే కొందరిలో బి12, మెగ్నీషియం తగ్గుతాయి. అరికాళ్లలో తిమ్మిర్లు, ఊరికే నీరసం ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పు.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. కడుపులో పుండు పగిలి రక్తం పోయినవాళ్లు, గుండెకు ఆస్పిరిన్ లాంటివి వాడుతున్నవాళ్లు, అన్నవాహిక బాగా దెబ్బతిన్నదని ఎండోస్కోపీలో తేలినవాళ్లు ఈ జవాబు చూసి పాన్, ఒమెప్రజోల్ లాంటి గోలీలు మానేయొద్దు. వాళ్ల ప్రాణానికి అవి అవసరం, వాళ్లకు ఏళ్లపాటు రాసేది కారణం ఉండే.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఇంట్లో, దుకాణం డ్రాయర్‌లో ఉన్న గోలీ స్ట్రిప్పులన్నీ, సగం చింపినవి కూడా, ఒక కవర్‌లో వేసుకుని తీసుకుపో. పేరు గుర్తులేని ఎర్ర గోలీ ఏదో వాడుతున్నామని చెప్తే మాకు అర్థం కాదు. ఇక తొక్కులను అమ్మ అటక ఎక్కించాల్సిన పని లేదు. మంట తగ్గేదాకా రాత్రి పూట వద్దు, మధ్యాహ్నం అన్నంలో కొంచెం కలుపుకుని చూడు, మండితే రెండు వారాలు ఆగి మళ్లీ చూడు. రిపోర్టులు వచ్చాక, నొప్పి గోలీ పేరు కూడా రాసి, నాకు మళ్లీ ఉత్తరం రాయి.